అదను దాటిస్తున్న మరమ్మతులు

సంపాదకులు గారికి నమస్కారాలు.

నేను శ్రీకాకుళం జిల్లాలో, నరసన్నపేటకు దగ్గరలో, వంశధార ఎడమ కాలువ కింద నాలుగెకరాల వరి సాగు చేసుకుంటూ, సొంత ట్రాక్టరుతో చుట్టుపక్కల రైతుల పొలాలు కూడా దున్ని పెట్టి బతుకుతున్నవాడిని. ఎరువుల కొరత గురించి, మద్దతు ధర గురించి, శివారు భూములకు నీరందకపోవడం గురించి మీ పత్రికలో తరచుగా లేఖలు చదువుతుంటాను. రైతు ఖర్చుల్లో ఈ నాలుగైదేళ్లలో కొత్తగా చేరి ఏటేటా పెరుగుతున్న యంత్రాల మరమ్మతు ఖర్చు గురించి మాత్రం ఎక్కడా చర్చ కనిపించక, నా అనుభవంతో పాటు నేను తెలుసుకున్న సంగతులను మీ పాఠకుల ముందు పెడుతున్నాను.

నా దగ్గర ఇప్పుడున్నది 2023లో బ్యాంకు రుణంతో కొన్న 55 హార్స్‌పవర్ ట్రాక్టరు. గత ఖరీఫ్‌లో పుష్యమి కార్తె నడుస్తుండగా, ఊరంతా ఉభాల (వరి నాట్ల) తొందరలో ఉన్న సమయంలో, ఒక రైతు మడిలో దమ్ము పడుతుండగానే ఇంజిన్ ఒక్కసారిగా బలం కోల్పోయింది. ఎక్సలరేటరు ఎంత తొక్కినా చప్పుడు పెరగలేదు, రోటవేటరు బురదలో తిరగలేక ఆగిపోయింది, మీటర్ల పలక మీద పసుపు దీపం వెలిగి ఉండిపోయింది. డీజిల్‌లో నీరు చేరిందేమోనని ఫిల్టరు మార్చి చూశాను, ఫలితం లేదు. ఇరవై ఏళ్లకు పైగా మా ఇంటి ట్రాక్టర్లు చూస్తున్న మెకానిక్ గారిని పిలిపిస్తే, ఆయన గంటసేపు వెతికి, సీటు కింద వైర్ల కట్టలో రెండు సన్నని తీగలను ఎలుకలు కొరికిన చోటు పట్టుకున్నారు. గడ్డివాము పక్కన ట్రాక్టరు నిలిపే ప్రతి ఇంట్లోనూ ఎలుకల బెడద ఉండేదే. ఆయన తీగలను అతికి టేపు చుట్టి ఇచ్చారు గాని దీపం ఆరలేదు, ఇంజిన్‌కు బలం రాలేదు. తీగ అతికినా, లోపం జరిగిందన్న నమోదు ఇంజిన్‌ను నడిపే కంప్యూటరులో అలాగే ఉండిపోయిందనీ, దాన్ని చెరిపే సాఫ్ట్‌వేర్ తన దగ్గర లేదనీ ఆయన చెప్పారు.

మర్నాడు ట్రాక్టరును లారీ మీద ఎక్కించి కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాను. వారు లాప్‌టాప్ తగిలించి చూసి, అతికిన తీగలను కంపెనీ ఒప్పుకోదని, కట్ట మొత్తం మార్చవలసిందేనని, ఎలుకలు కొరికిన నష్టం వారంటీ కిందకు రాదని చెప్పారు. ఆ కట్ట వారి దగ్గర నిల్వ లేదు. బయటి నుంచి ఎనిమిదో రోజున వచ్చింది. కట్ట ధర 33,400 రూపాయలు. కూలీ, లారీ కిరాయి, పన్ను కలుపుకొని నా చేతి నుంచి 46,000 దాటింది. కొరికిన తీగ మూరెడు కూడా లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఏమిటో ఆ రోజు నాకు బాగా తెలిసింది. అక్కడి పనివారిని నేను తప్పుపట్టడం లేదు. కంపెనీ రాసిచ్చిన పద్ధతి దాటి ఒక స్క్రూ బిగించే అధికారం కూడా వారికి లేదని వారితో మాట్లాడినప్పుడు అర్థమైంది.

ఆ డబ్బు కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది పోయిన రోజులు. నా ట్రాక్టరు మీద ఆధారపడి వరుస చెప్పుకున్న పదకొండు మంది రైతుల్లో కొందరికి వేరే బండి దొరికింది, కొందరికి దొరకలేదు. కాలువ నీరు మడుల్లో నిలిచి ఉంది, కూలీలకు మాట ఇచ్చేశారు, ఆకుమడిలో నారు ముదిరిపోతోంది. ఎకరం పొలమున్న ఒక పెద్దాయన నలభై రోజులు దాటిన నారు నాటుకోవలసి వచ్చింది. ముదురు నారుకు పిలకలు తగ్గుతాయని, పంట కూడా ఆ మేరకు తగ్గుతుందని వ్యవసాయం చేసేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పట్నంలో కారు తొమ్మిది రోజులు షెడ్డులో ఉంటే యజమాని బస్సెక్కుతాడు. ఉభాల వేళ ట్రాక్టరు తొమ్మిది రోజులు ఆగితే ఆ నష్టం సంక్రాంతికి కల్లంలో బస్తాల లెక్కలో తేలుతుంది.

అంతకుముందు మా ఇంట్లో ఉన్నది మా నాన్నగారు 1998లో కొన్న 35 హార్స్‌పవర్ ట్రాక్టరు. అది చెడిపోలేదని నేను అనను, ఎన్నోసార్లు చెడిపోయింది. నాజిల్ పోతే నాజిల్, వాషరు పోతే వాషరు శ్రీకాకుళంలోని దుకాణంలో దొరికేది. డీజిల్ పంపును విప్పి, బల్ల మీద పెట్టి సరిచేసి, సాయంత్రానికి బిగించి ఇచ్చే పనివారు ఉండేవారు. సెల్ఫ్ మోటారు పనిచేయకపోతే నలుగురం తోసి నడిపించిన రోజులున్నాయి. ఏ భాగం పోయిందో ఆ భాగానికే డబ్బు పెట్టేవాళ్లం; ఆ ఇరవై అయిదేళ్లలో ఒక్క సీజను కూడా అదను దాటించుకోలేదు.

కొత్త యంత్రాలు ఇలా ఎందుకు వచ్చాయో తెలుసుకోకుండా నేను ఈ లేఖ రాయడం లేదు. పొగలోని మసినీ, హానికరమైన వాయువులనూ తగ్గించడానికి ప్రభుత్వం 2020 ఏప్రిల్ 1 నుంచి కార్లకు, లారీలకు, మోటారు సైకిళ్లకు బీఎస్-6 ప్రమాణాలను తప్పనిసరి చేసింది. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు అలాంటివే అయిన ట్రెమ్-4 పొగ ప్రమాణాలు 2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. పాత డీజిల్ ఇంజిన్లలో నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకునేది. అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో అది 1,600 బార్ల వరకూ, కొన్నింటిలో అంతకు మించి ఒత్తిడితో సిలిండరులోకి చిమ్ముతుంది. కారు టైరులోని గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త ఎక్కువ ఉంటుందని గుర్తుచేసుకుంటే ఆ తేడా తెలుస్తుంది. ఎప్పుడు, ఎంత చిమ్మాలో ఈసీయూ అనే కంప్యూటరు గాలి, వేడి, ఒత్తిడి, వేగం కొలిచే సెన్సార్ల సమాచారాన్ని చూసి క్షణక్షణమూ నిర్ణయిస్తుంది. ముఖ్యమైన సెన్సారు ఏదైనా సమాచారం ఇవ్వడం ఆపితే, ఇంజిన్ పాడవకుండా ఉండడానికి అది తనంతట తానే బలాన్ని తగ్గించేస్తుంది. నా పొలంలో జరిగింది అదే.

ఈ మార్పు వల్ల మేలు జరగలేదని అనడం అబద్ధమవుతుంది. నా కొత్త ట్రాక్టరు పాతదానిలా నల్లటి పొగ కక్కదు, బరువైన పనిలో డీజిల్ ఆదా అవుతోంది, రోజంతా నడిపినా చెవులు హోరెత్తవు. కాబట్టి ఎలక్ట్రానిక్స్ వద్దు, పాత ఇంజిన్లే కావాలి అని నేను కోరడం లేదు. నా అభ్యంతరమంతా ఒక్క విషయం మీద: కొన్న యంత్రం లోపల ఏం జరిగిందో చదివే సాధనాన్ని, సరిచేసిన తరువాత దాన్ని మళ్లీ నడిపించే సాఫ్ట్‌వేర్‌ను, లోపలి వైరింగు పటాన్ని కంపెనీలు తమ గుప్పిట్లో ఉంచుకోవడం. ఖర్చు పెరగడానికి యంత్రం సంక్లిష్టం కావడం ఒక కారణం అయితే, దాన్ని బాగుచేయగలవారి సంఖ్యను కావాలని తగ్గించడం అంతకంటే పెద్ద కారణమని నా నమ్మకం.

ఈ నమ్మకం నాకు మా బావమరిది కారు వల్ల బలపడింది. ఆయన విజయనగరంలో ఉద్యోగం చేస్తూ, రోజూ అయిదారు కిలోమీటర్లకు మించకుండా ఒక డీజిల్ కారు నడుపుతారు. బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే పొగ వేడి సుమారు 600 డిగ్రీలకు చేరాలి, అందుకు బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగే బండికి ఆ అవకాశం ఉండదు కనుక జల్లెడ పూడుకుపోయి హెచ్చరిక దీపం వెలిగింది. సర్వీసు సెంటరులో దాన్ని మార్చడానికి లక్ష రూపాయలకు దగ్గరగా అవుతుందని రాసిచ్చారు. ఎవరో చెప్పగా ఆయన విశాఖపట్నంలో సొంతంగా స్కానరు కొనుక్కున్న ఒక మెకానిక్ దగ్గరకు వెళితే, ఆ మెకానిక్ స్కానరు ద్వారా ఆదేశమిచ్చి, బండిని కదపకుండానే మసి కాల్చి, 2,500 రూపాయలు తీసుకుని పంపించారు. ఆ కారు ఈనాటికీ నడుస్తోంది. జబ్బు ఒకటే, బండి ఒకటే; సాధనం బయటి మెకానిక్ చేతిలో ఉండడం వల్ల వచ్చిన తేడా అది.

కార్లలో ఇలాంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి. రాత్రివేళ ఆవు అడ్డం వచ్చి తగిలితే, హెడ్‌లైటును పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవి ఒక్కటి విరిగినా ఎల్‌ఈడీ లైటు మొత్తం కొనమంటారు. డీజిల్‌ను సిలిండరులోకి చిమ్మే ఇంజెక్టరు మారిస్తే, కొత్తదాని మీద ఉన్న సంకేత సంఖ్యను ఈసీయూలోకి ఎక్కించాలి. అందుకు మళ్లీ సాఫ్ట్‌వేర్ కావాలి. కార్లలో స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, చవక స్కానరు పెట్టినా పొగకు సంబంధించిన సాధారణ లోపాలు చదవవచ్చు. అయితే కంపెనీ సొంత కోడ్‌లు చదవడం, కొత్త భాగాన్ని బండికి పరిచయం చేయడం వంటి అసలు పనులు దానివల్ల కావు.

మన ప్రాంతానికి ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. దమ్ముల కాలమంతా ట్రాక్టరు బురదనీటిలో మునిగి తేలుతుంది, సాయంత్రం కాలువలోనో చెరువులోనో దించి కడుగుతాము, సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పు తేమ ఏడాది పొడవునా ఉంటుంది. వైర్ల కనెక్టర్ల పిన్నులకు చిలుము పట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? ఊళ్లో డ్రమ్ముల్లో నిల్వ చేసిన డీజిల్‌లో చేరే నీటిచుక్కలు, దుమ్ము పాత నాజిల్‌ను కొంత సతాయించేవి. కొత్త ఇంజెక్టరును పూర్తిగా చెడగొడతాయి. మన పొలాల్లో పనిచేసే యంత్రానికి లోపాలు రావడం సహజమైనప్పుడు, వాటిని బాగుచేసే మనిషి కూడా మన దగ్గరే ఉండాలి.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను తరువాతి రోజులను ఈ జిల్లా మరచిపోలేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు నేలకూలి దారులు మూసుకుపోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు. ఆ రోజుల్లో చెట్ల మొద్దులు లాగడానికి, నీళ్లు తేవడానికి ట్రాక్టర్లు, చార్జింగుకు జనరేటర్లు ఆధారమయ్యాయి. అవి ఆగినప్పుడు చేతిలో పానాలతో పరుగెత్తి వచ్చినవారు ఊరి మెకానిక్‌లే. ఇంకొక తుపాను వచ్చినప్పుడు, దారి లేక, సెల్‌ఫోను సిగ్నలు లేక ఉన్న ఊళ్లో ఒక ట్రాక్టరు పసుపు దీపం వెలిగించి ఆగిపోతే లాప్‌టాప్ పట్టుకుని ఎవరు రాగలరు?

చట్టం ఈ విషయంలో పూర్తిగా నిద్రపోలేదు. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారన్న ఫిర్యాదుపై విచారణ జరిపి, భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు కూడా పెట్టకూడదని ఆదేశించింది. కంపెనీలు ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లకు వెళ్లాయి. తరువాత 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక కమిటీని వేసి, మొదట దృష్టి పెట్టవలసిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలను, మోటారు వాహనాలను కూడా చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభమైంది. ఇది మంచి ప్రయత్నమే. కాని సమాచారం ఇచ్చి తీరాలని కంపెనీలను కట్టడి చేసే ప్రత్యేక చట్టం మన దేశంలో ఇంకా లేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లోనే వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం చేసింది. 2024 జనవరి 1 నుంచి అక్కడ మాన్యువల్‌లు, విడిభాగాలు, పరికరాలు, సాఫ్ట్‌వేర్‌ను కంపెనీలు రైతులకు, స్వతంత్ర మెకానిక్‌లకు అందించాలి. వందల ఎకరాలున్న అక్కడి రైతుకే ఆ రక్షణ అవసరమైతే, ఎకరం రెండెకరాల మన రైతుకు ఎంత అవసరమో వేరే చెప్పాలా?

పన్ను తగ్గింపు గురించి కూడా ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. రైతుకు ఇది ఊరటే, అందులో సందేహం లేదు. అయితే రెండు తీగలతో పోయే పనికి కట్ట మొత్తం కొనవలసి వచ్చినప్పుడు, పన్ను ఎంత తగ్గినా బిల్లు బరువు తగ్గదు.

సాఫ్ట్‌వేర్ అందరికీ ఇస్తే పొగ నియంత్రణ పరికరాలను పనిచేయకుండా చేస్తారని కంపెనీల తరఫున ఒక వాదన ఉంది. ఆ భయం నిరాధారం కాదు. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వుకు రేకు అడ్డం పెట్టడం, డీపీఎఫ్‌ను తీసివేసి ఖాళీ గొట్టం బిగించడం ఇప్పటికే జరుగుతున్నాయి. కాని అవి ఎందుకు జరుగుతున్నాయి? సక్రమమైన మరమ్మతుకు వేలల్లో, లక్షల్లో అడిగినప్పుడు, అంత పెట్టలేనివాడు అడ్డదారి వెతుక్కుంటున్నాడు. మసి కాల్చే సాధనం జిల్లాలో పది షెడ్లలో ఉంటే, జల్లెడ పీకేయమని ఎవరూ అడగరు. పైగా మేము అడుగుతున్నది ఇంజిన్ ప్రోగ్రామును మార్చే హక్కు కాదు; లోపాన్ని చదివే హక్కు, సరిచేసిన లోపాన్ని చెరిపే హక్కు, అసలైన కొత్త భాగాన్ని బిగించి దాన్ని బండి గుర్తించేలా చేసుకునే హక్కు.

ఇందులో షెడ్ల మీద బతికే యువకుల సంగతి కూడా ఉంది. ఐటీఐలో డీజిల్ మెకానిక్, మోటారు మెకానిక్ కోర్సులు చదివిన కుర్రాళ్లు మా మండలంలో చాలామంది ఉన్నారు. పని దొరకక హైదరాబాదుకో, చెన్నైకో వలస వెళ్లినవారే ఎక్కువ. మా మెకానిక్ గారు అన్ని రకాల బండ్లకూ పనికివచ్చే మంచి స్కానరు గురించి విచారిస్తే, లక్షకు పైగా ధర, ఆపైన ఏటా సాఫ్ట్‌వేర్‌కు చందా కట్టాలని తెలిసింది. పంపు చప్పుడు విని జబ్బు చెప్పగల ఆ మనిషి ఇప్పుడు కొత్త బండి వస్తే పక్కకు తప్పుకుంటున్నారు. ఆయన నేర్చుకోలేక కాదు, నేర్చుకోవడానికి కావలసిన పుస్తకం ఆయనకు ఎవరూ అమ్మరు.

ఇంకా సమయం మించిపోలేదు అనడానికి నాకొక కారణం కనిపిస్తోంది. మన జిల్లాలో తిరిగే ట్రాక్టర్లలో ఎక్కువ భాగం 50 హార్స్‌పవర్‌కు లోపువే, వాటిలో చాలావాటికి నేటికీ పాత తరహా డీజిల్ పంపే ఉంది. 2024 ఏప్రిల్‌లో రావలసిన తరువాతి దశ ప్రమాణాలను కేంద్రం 2026 ఏప్రిల్‌కు వాయిదా వేసిందంటే, ఆ మార్పు భారం ఎంతటిదో ప్రభుత్వానికీ తెలుసు. నాలాంటి కొద్దిమంది ట్రాక్టర్లలో వచ్చిన ఇబ్బంది చిన్న రైతుల బండ్లకు పాకకముందే నియమాలు రాసుకోవాలి. కొత్త రకం ఇంజిన్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే దాని వైరింగు పటం, లోపాల కోడ్‌ల పట్టిక తెలుగులో కూడా ప్రకటించాలని, స్కానరు సాఫ్ట్‌వేర్‌ను న్యాయమైన ధరకు ఎవరికైనా అమ్మాలని, సెన్సార్లు, తీగలు, లైట్ల భాగాలు విడివిడిగా దొరకాలని, వాటి ధరల పట్టిక షోరూంలో గోడ మీద కనిపించాలని కేంద్రం షరతు పెట్టవచ్చు.

కేంద్రం చట్టం చేసేవరకూ రాష్ట్రం చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని కూడా లేదు. వ్యవసాయ యాంత్రీకరణ పథకాల కింద రైతు సంఘాలకు, అద్దె యంత్రాల కేంద్రాలకు ప్రజల సొమ్ముతో రాయితీ ఇస్తున్నప్పుడు, ఆ జాబితాలో చేరే కంపెనీ మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు ఇస్తానని, ముఖ్యమైన విడిభాగాలను జిల్లాలోనే నిల్వ ఉంచుతానని రాసివ్వాలని అడిగే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఐటీఐలకు స్కానర్లు ఇచ్చి, పనిచేస్తున్న మెకానిక్‌లకు వేసవిలో నెల రోజుల శిక్షణ పెడితే దాని ఖర్చు ప్రభుత్వానికి పెద్దది కాదు.

వచ్చే ఖరీఫ్ దమ్ములు మొదలవడానికి ముందే మా జిల్లా కలెక్టరు గారు ట్రాక్టరు డీలర్లను, వ్యవసాయ శాఖ అధికారులను, రైతులను, షెడ్డు మెకానిక్‌లను ఒకచోట కూర్చోబెట్టి, జూన్ నుంచి ఆగస్టు వరకు ఏయే విడిభాగాలు జిల్లాలో నిల్వ ఉండాలో, బండి ఆగితే ఎన్ని రోజుల్లో బాగుచేసి ఇవ్వాలో రాతపూర్వకంగా తేల్చవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ట్రాక్టరు రైతు,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.